మందు బాగానే ఉంది

“వదినా, నువ్వేంటి ఈ వరసలో?”

అందరూ ఇస్త్రీ వదిన అని పిలిచే ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. బట్టల ఫ్యాక్టరీలో తన పక్క బల్ల మీద బొత్తాలు కుట్టే ఆమె, జ్వరానికి చీటీ రాయించుకోవడానికి వచ్చినట్టుంది. షుగరు మందు కోసం ఆసుపత్రికి వెళుతున్నానని వదిన ఇన్నాళ్లూ ఆమెతో చెబుతూ వచ్చింది.

“ఏం లేదు, ఊరికే,” అంది వదిన.

బొత్తాలామె కిటికీ పైన రాసి ఉన్నది కూడబలుక్కుని చదివింది. మత్తు అలవాటు మాన్పించే మందులు. చదివి, చూపు పక్కకు తిప్పేసుకుని వెళ్లి బెంచీ మీద కూర్చుంది. నాలుగు మాటలు అన్నా బాగుండేదనిపించింది వదినకు.

ఆవిరి ఇస్త్రీ పెట్టె ఎత్తి దించీ ఎత్తి దించీ భుజం పట్టేసినప్పుడు నొప్పి బిళ్లలు అలవాటు చేసింది సూపర్‌వైజరే. సరుకు పంపే గడువు దగ్గర పడేకొద్దీ ఇంకా ఇచ్చాడు. ఆ ఖరీదు కూలిలో కోసుకున్నాడు. నొప్పి తగ్గినా బిళ్ల ఆమెను వదల్లేదు. లేకపోతే వాంతులు, వణుకు. చివరికి నిద్రపోతున్న కూతురి చెవి కమ్మలు తీసి అమ్మింది. ఇక్కడి మందు మొదలుపెట్టాక వణుకు పోయింది, అన్నం సయిస్తోంది. కూతురి ముఖంలోకి సూటిగా చూడటం మాత్రం ఇంకా చేతకావడం లేదు.

మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి ఫోను పట్టుకుని దగ్గరికొచ్చింది.

“ఆంటీ, ఈ మందుతో మీకెంత తృప్తిగా ఉందో అడుగుతున్నాం. పేరు రాయం. బాగుందా?”

కిటికీలోంచి కాంపౌండరు ఇటే చూస్తున్నాడు.

“బాగుందమ్మా.”

“తీసుకునేటప్పుడు ఇబ్బందేమైనా ఉందా?”

“లేదు.”

అబద్ధాలకు అలవాటుపడ్డ నోరు దానంతటదే అనేసింది. అంతలో ముందున్న ముసలాయనను కాంపౌండరు గదమాయించాడు: “నోరు తెరువు. నాలుకెత్తు. గోడవైపు కాదు, ఇటు వెలుతురులోకి.” మాత్ర నాలుక కింద కరగనివ్వకుండా దాచి బయట అమ్ముకుంటారని వాళ్ల అనుమానం. బెంచీ మీదివాళ్లందరూ ఆ బోసినోట్లోకి చూశారు.

“ఆగమ్మా,” అంది వదిన. “మందు బాగానే ఉంది. ఇచ్చే తీరే బాలేదు. సంతలో పశువుల పళ్లు చూసినట్టు చూస్తారు. అది రాయి.”

“దానికిందులో చోటు లేదు ఆంటీ. మందు గురించే అడగమన్నారు.”

“అయితే బాగుందని కూడా రాయకు.”

ఆ అమ్మాయి ఫోను దించింది.

వదిన వంతు వచ్చింది. మాత్ర నాలుక కింద పెట్టుకుని, అది కరిగి చేదు దిగేదాకా కళ్లు మూసుకుని నిలబడింది.

“ఊఁ, తెరువు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. పక్కనున్న గది తలుపు వైపు చెయ్యి చూపించి, “లోపల చూడండి. తెరుస్తాను,” అంది.

“నీకోసం లేచి రావాలా? రేపట్నుంచి మందుండదు, నీ ఇష్టం.”

మందు లేని రోజు ఎలా ఉంటుందో ఆమె ఒంటికి తెలుసు. వెనకాల ఎవరో, “కానియ్యమ్మా, షిఫ్టుకు పోవాలి,” అని విసుక్కున్నారు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. కిటికీ చువ్వ పట్టుకుని, పెదాలు బిగించి, ఆమె అక్కడే నిలబడింది.