గోడ ఎడమవైపు ఉండాలి

థార్న్‌బీ ఊరి నడక సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. కొండ మీద, మెడలో మ్యాపు వేసుకుని ముందు నడిచేవాడి మాటే మాట. దారి గురించి అనుమానమొస్తే కిందికి దిగాక, టీ తాగుతూ చెప్పుకోవాలి తప్ప నలుగురిలో అనకూడదు. ఏళ్ల తరబడి ముందు నడుస్తున్నవాడు బెర్నార్డ్. ఎవరూ తప్పిపోకుండా చూసుకుంటూ అందరికన్నా వెనక వచ్చేది అతని భార్య మ్యూరియల్.

ఆ ఆదివారం గొర్రెల గేటు దాటారో లేదో పొగమంచు కమ్మేసింది. అక్కణ్ణుంచి రాతిగోడ ఎడమవైపు ఉండాలి. కుడివైపు ఉంది. మ్యూరియల్ వెంటనే గమనించింది. గోడ కుడివైపు ఉందంటే వెళుతున్నది శిఖరానికి కాదు, పాత పలకరాతి గని అంచుకి. అక్కడ కంచె కూడా లేదు.

నోరు తెరిచి చెప్పొచ్చుగా అంటారు. ఎలా చెబుతుంది? మొన్న చలికాలంలో బెర్నార్డ్ రొట్టె కొనడానికి వెళ్లి, సొంత వీధి మలుపులోనే దారి తెలియక నిలబడిపోయాడు. వెతుక్కుంటూ వచ్చిన ఆమె చేతులు పట్టుకుని, "సంఘంలో ఎవరికీ చెప్పకు. వాళ్లు మ్యాపు లాగేసుకుంటే నేనింక చచ్చినట్టే" అని ఏడ్చాడు. చెప్పనని మాటిచ్చింది. ఆ మాటే ఇప్పుడు గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది.

ఆమెకు కాస్త ముందు డోరీన్ నడుస్తోంది. జీవితమంతా బడిలో భూగోళం పాఠాలు చెప్పిన మనిషి, ఆమెకు తెలియకుండా ఉంటుందా?

"డోరీన్, ఆ గోడ చూశావా?" అంది మ్యూరియల్ నెమ్మదిగా.

"చూశానమ్మా. మంచి గోడ" అంది డోరీన్ తల తిప్పకుండా. "మీ ఆయన ఏదో కొత్త దారి కనిపెట్టినట్టున్నాడు."

"నువ్వైనా చెప్పు కీత్."

డోరీన్ పక్కనున్న కీత్ రెండు చేతులూ ఎత్తేశాడు. "నాకెందుకొచ్చిన గొడవ తల్లీ! పోయినసారి నోరు జారితే మా ఆవిడ వారం రోజులు చీవాట్లు పెట్టింది."

వీళ్ల మర్యాద తగలెయ్య! ప్రాణం పోతున్నా 'క్షమించాలి, ప్రాణం కాస్త పోతోంది' అనే రకం. అందరికీ అనుమానమే, అందరూ కుక్కిన పేనుల్లా నడుస్తున్నారు.

మ్యూరియల్ ఈల ఊదింది. వెనక ఈల మోగితే ముందువాడు ఆగాలి.

"ఏమైంది?" అంటూ వచ్చాడు బెర్నార్డ్.

"మోకాలు పట్టేసింది. ఇంక నావల్ల కాదు. అందరం దిగిపోదాం."

ఎత్తు పారిందనుకుంది.

"అయ్యో పాపం! కీత్, డోరీన్, మీరిద్దరూ ఈవిణ్ణి జాగ్రత్తగా దించండి. మేం పైదాకా వెళ్లొస్తాం."

అదీ సంఘం పద్ధతే. కాలు నొప్పయిన మనిషితో ఇద్దరు దిగుతారు, నడక ఆగదు. తన వలలో తనే పడింది. దారి తెలిసిన ఇద్దరూ తనతో వచ్చేస్తే, అతన్ని నమ్ముకున్నవాళ్లంతా గని వైపు వెళతారు. చెబితే మాట పోతుంది, చెప్పకపోతే మనుషులు పోతారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

బెర్నార్డ్ వెనుదిరిగాడు. అతని వీపు మంచులో మసకబారుతోంది.

"ఆగు బెర్నార్డ్!" అని అరిచింది మ్యూరియల్. "గోడ ఎడమవైపు ఉండాలి. అటు గని ఉంది. నువ్వు దారి తప్పావు."

అందరూ తమ బూట్ల వంక చూసుకున్నారు. బెర్నార్డ్ మెల్లగా వెనక్కి వచ్చాడు. మీద పడి అరుస్తాడనుకుంది.

"గేటు దగ్గర్నుంచే నాకేం తెలీట్లేదు" అన్నాడు చిన్న గొంతుతో. "ఎవరైనా అంటారేమోనని చెవులు రిక్కించి నడుస్తున్నా. ఒక్కరూ అనరేంటి?"

"నీకు బాధగా ఉంటుందనీ..." నసిగింది డోరీన్.

"గనిలో పడితే ఉండదా?"

బెర్నార్డ్ మెడలోంచి మ్యాపు తీసి ముందుకు చాచాడు. డోరీన్ కీత్ వైపు చూసింది, కీత్ ఆకాశంలోకి చూశాడు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఎవరో ఒకరు తీసుకోండర్రా. చెయ్యి లాగుతోంది."

మ్యూరియల్ ఏడుస్తూ అందుకుంది. మాటిచ్చింది ఆమే, మ్యాపు తీసుకున్నదీ ఆమే.

బెర్నార్డ్ ఆమె కోటు అంచు పట్టుకున్నాడు.

"పద" అన్నాడు. "నన్ను మాత్రం వదిలెయ్యకు."