తల్లి చేప వాటా

రెండో హార్మోను సూది వేశాక కూడా తల్లి చేప గుడ్లు వదల్లేదు. ఆమె దాన్ని తడిగుడ్డలో చుట్టి ఒడిలో పడుకోబెట్టుకుని, బొటనవేలితో పొట్టను మెల్లగా కిందికి నిమిరింది. పళ్లెం నిండా గుడ్లు పడాలి. నాలుగు చుక్కల పలచటి నీళ్లు మాత్రం పడ్డాయి, చీము రంగులో.

ఆ చేపపిల్లల కేంద్రంలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చల్లనిచెయ్యి అంటారు. "నువ్వు నిమిరితే రాయి కూడా గుడ్డు పెడుతుంది వదినా" అని తోటి పనివాళ్లు నవ్వేవాళ్లు. ఈ మధ్య ఆ నవ్వులు లేవు. గుడ్లు పడ్డా పొదగడం లేదు. పొదిగినా పిల్లలు నడుం వంకరపోయి, తొట్టి అడుగున గిరగిరా తిరిగి చచ్చిపోతున్నాయి. యజమాని మందు మోతాదు పెంచాడు, మందే మార్చాడు, చివరికి ఆమె చేతుల వైపు అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది ఆయన వరస.

అయినా ఆమె నమ్మింది. తన చెయ్యే చెడిందనుకుంది. ఇంట్లో కోడలికి రెండుసార్లు కడుపు నిలవలేదు, ఇప్పుడు ఐదో నెల. ఆ భయంతో కోడలికి తల దువ్వడం, నడుం పట్టడం కూడా మానేసింది. ముట్టుకోలేని లోటును తిండితో తీర్చింది. గుడ్లు పెట్టని తల్లి చేపల్ని పనివాళ్లకు పంచెయ్యడం అక్కడ మొదటినుంచీ వాడుక. తన వాటా చేపలో తల, కార్జం, పొట్టలోని మెత్తటి గుడ్ల సంచీ అన్నీ కోడలి పళ్లెంలోకే వెళ్లేవి. కొడుకు చెయ్యి చాపితే "నువ్వేం మోస్తున్నావురా?" అని కసిరేది.

ఆ మధ్యాహ్నం నీళ్లు పరీక్ష చేసే అమ్మాయి వచ్చింది. కిందటిసారి కోసి పట్టుకెళ్లిన చేపల సంగతి తేలిందట. ఆమె తొట్టి కడుగుతూ వింది.

"ఎవరి చేతిలోనూ తప్పు లేదండీ. ఎగువన పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్ల నుంచి సీసం, కాడ్మియం మీ తొట్లకు నీళ్లొచ్చే కాలువలోకి దిగుతున్నాయి. గుడ్డు పండాలంటే తల నుంచి హార్మోన్ల కబురు రావాలి. ఈ లోహాలు ఆ కబురు సరిగా అందనివ్వవు. మీరెన్ని సూదులు పొడిచినా అంతే."

"షెడ్లవాళ్లతో నేనెక్కడ పెట్టుకోనమ్మా?" అన్నాడు యజమాని. "పోనీ, వీటిని తినడానికి అమ్ముకోవచ్చా?"

"వద్దండీ. కార్జంలో, గుడ్ల సంచీలో బాగా పేరుకుపోయింది. కడుపుతో ఉన్నవాళ్లయితే అసలు ముట్టకూడదు."

"అయ్యో, అమ్మనులే."

ఆమె చేతిలో చీపురు ఆగిపోయింది. ఇన్నాళ్లూ కోడలి పళ్లెంలో ఏరి ఏరి వడ్డించింది తనే.

సాయంత్రం యజమాని మాట నిలబెట్టుకున్నాడు. అమ్మలేదు, పంచిపెట్టాడు.

"ఇందా, పెద్దది నువ్వు తీసుకో. కోడలు కడుపుతో ఉందిగా."

"నాకొద్దు బాబూ." అన్నేళ్లలో ఆయనకు ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు. తర్వాత పనివాళ్ల వైపు తిరిగింది. "ఎవరూ తీసుకోకండి. ఇది విషమట. ఆ అమ్మాయి చెప్తుంటే నేను విన్నాను."

యజమాని తల పక్కకు తిప్పుకున్నాడు. పక్క తొట్టి మనిషి బుట్ట ముందుకు జరిపింది.

"నీకు కొడుకు సంపాదన ఉంది వదినా. మా ఇంట్లో నిన్నటినుంచి పొయ్యిలో పిల్లి లేవలేదు. ఆ పెద్దది నాకియ్యండి బాబూ."

తర్వాత అందరూ తీసుకున్నారు. ఆమె ఖాళీ చేతులతో ఇంటికి నడిచింది.

కోడలు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "చేపేది అత్తయ్యా? మసాలా కూడా నూరి పెట్టాను."

"ఇక చేప తేనమ్మా."

"పోనీలెండి. ముందు కాస్త మంచినీళ్లు తాగండి, ముఖం పీక్కుపోయింది."

కోడలు వాకిట్లో చేతిపంపు కొట్టి రెండు గ్లాసులు నింపింది. ఒకటి అత్తకిచ్చి, రెండోది తన నోటి దగ్గరికి ఎత్తుకుంది. ఆ పంపుకు పదడుగుల దూరంలో అదే కాలువ పారుతోంది. ఆ వీధి మొత్తానికి ఇంకో పంపు లేదు.

ఆమె చప్పున చెయ్యి చాపింది. ఎన్నో నెలల తర్వాత కోడల్ని ముట్టుకుంది. గ్లాసు పట్టుకున్న మణికట్టును గట్టిగా పట్టేసుకుంది.

"ఏమైంది అత్తయ్యా? దాహంగా ఉంది, వదలండి."

ఆమె వదల్లేదు.