కాళ్ళు చాపుకునే చోటు

దుప్పటి నీళ్ళు పీల్చి కదలనంటోంది. కాలుందే అనే ఆ ముసలావిడ రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచకుండా, నడుము దగ్గర రెండుగా వంగి దాన్ని మెలిపెట్టి పిండుతోంది. నైరోబీలో ఇంటింటికీ తిరిగి బట్టలుతికే ఆడవాళ్ళందరూ వంగేది అలాగే. బేసిను నేల మీదుంటుంది, దిగాల్సింది మనిషే. ఎడమ చెయ్యి పొద్దుటినుంచీ మొరాయిస్తోంది. "నీకేం రోగమే? కుడిదానికి లేని అలసట నీకెందుకు?" అని దాన్ని తిట్టి మరీ పిండింది.

ఆరేయడం అయ్యాక ఇంటావిడ టీ ఇవ్వబోయింది. కాలుందే వద్దంది. టీ తాగుతూ కూర్చుంటే పార్కుకి ఆలస్యమవుతుంది.

పార్కు నగరం నడిబొడ్డున, కొండవాలు మీద ఉంది. కింద చెరువు, పడవలు, పైన జకరందా చెట్లు. మధ్యాహ్నం తిండికి డబ్బుల్లేని కూలీలూ గుమాస్తాలూ వచ్చి అక్కడి గడ్డి మీద వెల్లకిలా పడుకోవడం ఈ ఊరి అలవాటు. ఏం తిన్నావురా అంటే "గాలి బర్గర్" అని నవ్వుతారు. పడుకునేది మగవాళ్ళే. ఆడవాళ్ళు మర్యాదగా కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. కాలుందే మాత్రం వయసులో ఉన్నప్పుడే వాళ్ళ మధ్య చక్కగా నడుం వాల్చేది. ఎవడైనా వెకిలిగా నవ్వితే, "మీ అమ్మ నిలబడి నిద్రపోతుందేంట్రా?" అనేది.

పెళ్ళై కిటూయి అనే ఊరి నుంచి వచ్చినప్పటినుంచీ ఈ మహానగరంలో ఆమె కాళ్ళు పూర్తిగా చాపుకున్న చోటు ఇదొక్కటే. ముకూరు మురికివాడలో రేకుల గది, ఒకే మంచం. మొదట మొగుడు, అతను పోయాక కూతుళ్ళు, ఇప్పుడు వాళ్ళ పిల్లలు. కాలుందే ఎప్పుడూ వాళ్ళ కాళ్ళ దగ్గర, కొడవలిలా ముడుచుకుని. పగలు వంగడం, రాత్రి ముడుచుకోవడం, మధ్యలో ఈ కాసేపు. ఒకసారి పార్కులో ఏదో సభ జరిగి, పోలీసులు బాష్పవాయువు వదిలితే జనం చెప్పులొదిలేసి పరుగెత్తారు. ఈవిడ తలగుడ్డ తడిపి మొహాన కప్పుకుని, తన పాటికి తను పడుకునే ఉంది!

బాగుచేస్తామని పార్కు మూసేసి, ఈమధ్యే తెరిచారు. చుట్టూ కంచె. ఎవరూ ఒరగకుండా మధ్యలో ఇనుప కమ్మీలు బిగించిన బెంచీలు. అడుగడుక్కీ 'గడ్డిపై పడుకోరాదు' అన్న బోర్డులు. ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, వాళ్ళ నడుములు విరగ! మగవాళ్ళంతా బుద్ధిగా లేచి కూర్చున్నారు. కాపలాదారు బరాసా రోజూ ఈల ఊదుతాడు, కాలుందే రోజూ పడుకుంటుంది.

ఇవాళ అతను గేటు దగ్గరే అడ్డం వచ్చాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా. మా పెద్దసారు తనిఖీకి వస్తున్నాడు. నిన్ను పడుకోనిస్తున్నానని తెలిస్తే ఇంక గేటు లోపలికే రానివ్వద్దంటాడు. ఈ ఒక్కపూటా కూర్చో."

"కూర్చోడానికి నడుముండాలి కదయ్యా."

"బెంచీ ఉందిగా?"

"దాని మీద మీ సారుని పడుకోమను, చూద్దాం."

"ఎందుకమ్మా అంత మొండితనం?"

"మొండితనమేంటి నాయనా? బతుకంతా వంగాను, కాదనను. ఈ కాసేపు కూడా వంగమంటే మాత్రం వంగను. ఊదుకో నీ ఈల, జోలపాటనుకుంటా."

వాలు ఎక్కుతూ మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంది. చెట్టు నీడకి చేరి, ముందు కూర్చుని, చేతులానించి మెల్లగా వెనక్కి వాలింది. నడుము నేలను తాకినప్పుడు నొప్పితో మూలిగింది, ఆ వెంటనే హాయిగా నవ్వింది. సబ్బునీళ్ళకి పాలిపోయిన వేళ్ళను గడ్డిలోకి దూర్చింది. కాళ్ళు చాపింది. అడ్డు తగిలేవాళ్ళు ఎవరూ లేరు. ఎంత సుఖం!

బరాసా ఈల ఊదాడు. ఆమె కదల్లేదు. మళ్ళీ ఊదాడు.

పక్కన ప్యాంటు నిండా సిమెంటు మరకలున్న తాపీమేస్త్రీ ఆమెను చూశాడు, బోర్డును చూశాడు. "ముసలావిడకున్న పాటి ధైర్యం మనకి లేకపాయె, ఛీ!" అని తనూ నడుం వాల్చాడు. అతన్ని చూసి ఇంకొకడు. పెద్దసారు వచ్చేసరికి వాలంతా జనం పడుకుని ఉన్నారు.

"ఏంటయ్యా ఇది, పార్కా, సత్రమా? ముందు ఆ ముసల్దాన్ని లేపు! అందరికీ అదే నేర్పుతోంది."

బరాసా ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భుజం తట్టాడు. "అమ్మా" అని పిలిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. టోపీ తీసేశాడు.

"ఈమె లేవదు సార్."

"లేవదంటే? లాగు!"

"మీరే లాగండి. నేను లాగను. ప్రాణం పోయింది సార్."

పెద్దసారు గొంతు తగ్గించాడు. శవాన్ని తీసుకెళ్ళే బండి వచ్చేలోపు గేటు బయట పెట్టిస్తే మంచిదన్నాడు. బరాసా అక్కడే గడ్డి మీద కూర్చున్నాడు. "బండి వచ్చేదాకా ఇక్కడే ఉంటుంది. ఈ కాసేపు ఆవిడది" అన్నాడు. తాపీమేస్త్రీ లేచి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. పెద్దసారు వాలు దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి బండి వచ్చింది. నలుగురు మోసుకెళ్ళి లోపల కాళ్ళు చాపి పడుకోబెట్టారు. బరాసా ఆ పూట మళ్ళీ ఈల ఊదలేదు. చెట్టు కింద, ఆమె ఒంటి పొడుగునా నలిగిన గడ్డిలో, జేబులోంచి జారిపడ్డ నీలం బట్టల క్లిప్పు ఒకటి మిగిలింది. దాని స్ప్రింగు తుప్పు పట్టింది గానీ బిగువు సడలలేదు.