ఆపరేషన్ అయినంక మూడు నెలలు

నారాయణపేటలో కుటుంబ నియంత్రణ క్యాంపు పెట్టినప్పుడు, గొర్లకాపరి మల్లప్ప ఎవరూ బతిమాలకుండానే పోయి ఆపరేషన్ చేయించుకొని వచ్చాడు. నలుగురు పిల్లలు చాలని భార్య సుక్కమ్మా, తనూ ముందే అనుకున్నారు. కుట్లు మానేదాకా అరుగు మీద కూర్చొని, మానగానే ఇక భయం లేదన్నాడు.

"దవాఖానల ఏం జెప్పిన్రు?" సుక్కమ్మ అడిగింది.

"ఏం జెప్తరు? కోసిన్రు, కుట్టిన్రు. అయిపోయింది."

సుక్కమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. పక్కింటి గుర్వమ్మ పిల్లలు కాకుండా లూపు వేయించుకున్నప్పుడు, ఆ రోజు నుంచే పనిచేస్తుందని నర్సు చెప్పి పంపింది. మగవాళ్లదీ అంతేనా? ఊరికే అనుకోవడం దేనికని, సంతకు పోయిన పూట తిన్నగా దవాఖానకు నడిచి నర్సు లీలమ్మనే అడిగింది.

"లూపు సంగతి వేరు సుక్కమ్మా. అది పెట్టినకాడికెల్లి కాపాడుతది. మొగోళ్ల ఆపరేషన్ గట్ల గాదు. నరం కోసినా, అంతకుముందే కోత దాటి వచ్చిన బీజం లోపల్నే ఉంటది. అది పోవాల్నంటే మూడు నెలలన్న పడ్తది. అందాంక ఇవి వాడాలె. పరీక్ష చేసి మేం చెప్పినంకనే ఫికర్ లేనట్టు. మీ ఆయనకు ఇదంత చెప్పిన, చెవిన వెట్టలేదా?" అంటూ లీలమ్మ, అప్పుడప్పుడే కొత్తగా వస్తున్న నిరోధ్ పొట్లాలు చేతిలో పెట్టింది.

సుక్కమ్మ వాటిని కొంగున ముడేసుకొని ఇంటికొచ్చి మల్లప్ప ముందర పెట్టింది. అతని ముఖం చిన్నబోయింది.

"కోసినంక గూడ గివేంది? నామోషి."

"పొట్టేలుకు విత్తులు గొట్టిచ్చినంక ఆ దినమే మందల ఇడుస్తవా?"

"ఎట్ల ఇడుస్త? జర మిగిలే ఉంటది. గొర్లు సూడి గడ్తయి." అనేసి మల్లప్ప ఆగాడు. "అంటే, నేను పొట్టేలునా?"

"కాదు. నీకేం తక్కువ గాలే. మిగిలేది మాత్రం ఎవ్వరికైన మిగుల్తది."

మల్లప్పకు నవ్వొచ్చింది. పొట్లాలు తీసి గూట్లో పెట్టాడు.

మూడు నెలలకు పరీక్షకు పోతే, బీజం ఇంకా కొద్దిగా కనబడుతోందని, మరో నెల ఆగి రమ్మని డాక్టరు అన్నాడు. మల్లప్ప ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, "నా మాటే నడిచుంటే ఈపాటికి అయిదోది కడుపుల ఉంటుండె," అన్నాడు.

"ఉండకపోవచ్చు గూడ. ఇంకొన్ని దినాలు గట్లనే వాడుదం. మనకేం పోయింది?" అంది సుక్కమ్మ, రొట్టె తిప్పుతూ.

ఆ మరుసటి పరీక్షలో ఏమీ లేదన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పి మల్లప్ప కడుపునిండా తిని పడుకున్నాడు.

మళ్లీ క్యాంపు పెట్టినప్పుడు, తనతో గొర్లు కాసే పర్వతాలును అతనే వెంటబెట్టుకొని పోయాడు. లోపలికి పిలిచేలోగా అంతా విడమరిచి చెప్పాడు.

"ఆపరేషన్ చిటికెల అయితది, దానికి భయపడకు. అసలు పని బయటికొచ్చినంక ఉంటది. పరీక్షల పాసయ్యేదాంక జర పైలం."

"పరీక్షకు నువ్వు గూడ వస్తవా, అన్నా?" పర్వతాలు అడిగాడు.

"వస్త. నువ్వు మర్చిపోయినా మీ ఇంటికొచ్చి గుంజుకపోత," అన్నాడు మల్లప్ప.