మద్దయ్య గొంతులో మందు

ఎమ్మిగనూరులో మగ్గం నేసే మద్దయ్యకు ఉగాది నుంచి సంగటి దిగడం లేదు. ముద్ద గొంతు దాటి రొమ్ము దగ్గర నిలబడిపోయేది. చెంబెడు నీళ్లు తాగినా, లేచి గెంతినా కదిలేది కాదు. కడకు వచ్చిన దారినే బయటికి వచ్చేది. మనిషి ఎండిపోయాడు. మగ్గంలో అటూ ఇటూ నాడె విసిరే చేతిలో సత్తువ లేదు.

అయినవాళ్లు ఊరుకుంటారా? పిడికెడు బియ్యం పెట్టనివాళ్లు కూడా సలహా మాత్రం వద్దన్నా పెడతారు. ఎవరో మందు పెట్టారని తేల్చారు. అంటే, తిండిలో కలిపి మగవాణ్ణి లొంగదీసుకునే మందు. పెట్టిందెవరో అతని భార్య లింగమ్మే తేల్చింది: సంత దగ్గర బొరుగుల ఉగ్గాని అమ్మే హుసేనమ్మ.

"నా సంగటి దిగదు గానీ, ఆ యమ్మ ఉగ్గాని మాత్రం జారిపోతాదేం?"

"అది మెత్తగుంటాదే."

"ఆ, ఆ యమ్మ మాట గూడా మెత్తగానే ఉంటాది!"

మందు తీసే దుర్గప్పను పిలిపించింది. అతడు ఆకు పసరు తాగించి, వాంతి చేయించి, అందులోంచి వెంట్రుకలు చుట్టుకున్న ఉండ ఒకటి ఎత్తి చూపాడు.

"సూడక్కా, ఆడమనిషి ఎంటికలు."

మద్దయ్య ఉండ వంక చూశాడు. దుర్గప్ప తల వంక చూశాడు.

"నీ మాదిరే నెరిసినాయి కదప్పా," అన్నాడు.

దుర్గప్ప దక్షిణ అందుకుని గబగబా లేచాడు. ఆ పూట కూడా సంగటి దిగలేదు. మరి కొన్నాళ్లకు మజ్జిగా అడ్డం పడింది. అప్పుడు లింగమ్మకు కోపం కన్నా భయం ఎక్కువైంది. బళ్లారి నుంచి గొంతు డాక్టరు ప్రతి బేస్తవారం ఆదోనికి వస్తాడని విని మొగుణ్ణి బస్సెక్కించింది.

డాక్టరు అతన్ని బళ్లారికి పంపి, సున్నం కలిపినట్టున్న తెల్లని నీళ్లు తాగించి ఫోటో తీయించాడు. మరుసటి బేస్తవారం దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు.

"ఇది అన్నం దిగే గొట్టం. ఇక్కడ సన్నబడింది. చెడ్డ పుండేమీ కాదు. రబ్బరు గొట్టం దించి వెడల్పు చేయాలి. నువ్వే మింగాలి."

లింగమ్మ ఫోటో మీదికి వంగింది. "మందు యాడుంది సామీ? పెట్టినోళ్లెవరో దీంట్లో తెలుస్తాదా?"

"మందూ లేదు, పెట్టినవాళ్లూ లేరమ్మా."

"ఫోటో సరిగ్గా పడలేదేమో," అని గొణిగింది.

గొట్టం చూడగానే మద్దయ్య వెనక్కి జరిగాడు. సంగటే దిగని గొంతులోకి రబ్బరా! దుర్గప్ప పసరే నయమనిపించింది. రెండుసార్లు పళ్లు బిగించేశాడు.

"నాతో కాదు సామీ. ఇట్లే పోతా."

డాక్టరు గొట్టం పక్కన పెట్టాడు. "బలవంతం చేస్తే లోపల చిరుగుతుంది. ఇష్టం లేకుంటే ఇంటికి పొండి."

లింగమ్మ కొంగు దోపింది.

"పెండ్లినాడు మా పెద్దకడుబూరోళ్ల ముందర అన్ని ముద్దలు నమలకుండా మింగితివే, ఇప్పుడేమొచ్చె రోగం? నోరు తెరువు! తెరిస్తే ఆ హుసేనమ్మ పేరు మళ్లా ఎత్తను."

"నిజంగానా?"

"ఉరుకుందీరన్న దేవుని మీద ఆన."

మద్దయ్య నోరు తెరిచాడు.

"మింగు! ఇంగా మింగు, మాయదారోడా! ఆగినావంటే పేరెత్తుతా సూడు!"

తిట్టు తిట్టుకూ గొట్టం కొంచెం కొంచెం దిగింది. అతని కళ్ల నీళ్లు మెడ మీదికి కారాయి. అడ్డం దగ్గర ఆగింది. మళ్లీ కదిలింది.

గొట్టం తీశాక, కాసేపాగి డాక్టరు గ్లాసుతో చల్లని పాలు ఇచ్చాడు. మద్దయ్య ఒక గుక్క మింగి, కళ్లు మూసుకుని కాచుకున్నాడు. పాలు రొమ్ము దగ్గర నిలబడలేదు, దిగిపోయాయి. ఇంకో గుక్క వేశాడు. లింగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

"సంగటి ఇప్పుడే వద్దు. కొన్నాళ్లు వారం వారం గొట్టం దించాలి," అన్నాడు డాక్టరు.

బస్సు కోసం నిలబడినప్పుడు మద్దయ్య మెల్లగా అన్నాడు: "వచ్చే బేస్తవారం నేనొక్కణ్ణే వస్తాలే. నీకెందుకు ఈ తిప్పలు?"

"ఒక్కడివే వస్తే నిన్ను తిట్టేదెవరు?" అంది లింగమ్మ. "ఆ డాక్టరుకు మన తిట్లు వస్తాయా?"