నలభై ఏడు మీద గింజ

నలభై ఏడు పిలిచారా, లేదా?

గింజ అయితే ఉంది. నలభై ఏడు అంకె మీద, మిగిలిన పద్నాలుగు గింజల్లాగే బూడిదరంగులో, ఒంటినిండా నూగుతో, ఎప్పటినుంచో తన చోటు అదే అన్నట్టు కూర్చుని ఉంది. దాన్ని తనే పెట్టాడో, అదే వచ్చి పడిందో జయరావుకు గుర్తు లేదు. తనే పెట్టి ఉంటే ఆట అయిపోయినట్టే. టికెట్టు మీద పదిహేను అంకెలూ నిండాయి, ఇక లేచి "హౌస్" అని అరవడమే తరువాయి. అదే వచ్చి పడి ఉంటే మాత్రం, అరిచిన మరుక్షణం ఎలా ఉంటుందో అతనికి బాగా తెలుసు. కిందటి నెల చూశాడు.

గుంటూరులో జయరావు పనిచేసే జిన్నింగు మిల్లు క్లబ్బులో నెలకోసారి, శనివారం సాయంత్రం, కుటుంబాలతో సహా అందరూ చేరి హౌసీ ఆడతారు. మిల్లు యజమాని కొడుకు మద్రాసులో చదువుకుంటూ నేర్చుకొచ్చిన ఆట అది. మనిషికొక అట్ట టికెట్టు. దాని మీద మూడు వరుసలు, వరుసకు ఐదు అంకెలు. దూది బేళ్లు కట్టే ప్రెస్సు మేస్త్రీ హుస్సేన్ సాహెబ్ గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఒక్కొక్క చెక్కబిళ్ల తీసి, దాని మీది అంకె పిలుస్తాడు. ఆ అంకె ఉన్నవాళ్లు దాన్ని కప్పుకుంటారు. ఒక వరుస ముందుగా నిండినవాళ్లకు సబ్బుపెట్టె, టికెట్టంతా నిండినవాళ్లకు స్టీలు క్యారియరు. డబ్బు పెట్టి ఆడేది కాదు కాబట్టి పాస్టరుగారూ, మసీదు పెద్దలూ చూసీ చూడనట్టు ఊరుకున్నారు. మద్రాసులో అంకెల్ని పెన్సిలుతో కొట్టేస్తారట. ఇక్కడ అట్టలు మళ్లీ నెలకు పనికి రావాలి. అందుకని కప్పుకోవడానికి తలా ఒక గుప్పెడు పత్తిగింజలు ఇస్తారు. మిల్లులో వాటికేం కొదవ? దూది ఒలిచేసినా గింజకు నూగు మిగులుతుంది. ఆ నూగుతో గింజ చొక్కా చేతిని పట్టుకుని లేస్తుంది, ఇంకెక్కడో రాలిపడుతుంది.

కిందటి నెల అరవై మూడు మీద ఒక గింజ అలాగే రాలిపడింది. జయరావు లేచి అరిచాడు. హుస్సేన్ సాహెబ్ టికెట్టు తెప్పించుకుని, అంకెలు ఒక్కొక్కటే సరిచూసి, "అరవై మూడు ఇంకా సంచిలోనే ఉందండీ జయరావుగారూ. బోగీ" అన్నాడు. తప్పుగా అరిస్తే ఆ ఆటలో బోగీ అంటారు. వెనక బెంచీ మీద ఎవరో రైలు కూత కూశారు. హాలంతా నవ్వింది. జయరావూ నవ్వాడు. ఆ నవ్వును ముఖం మీదినుంచి ఎలా దించుకోవాలో తెలియక చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. పక్కనున్న భార్య రెబ్కా మాత్రం నవ్వలేదు. ఇంటికి వెళ్లే దారంతా చిక్కుడుపాదు గురించి మాట్లాడింది. ఆ బోగీ గురించి ఒక్క మాట అన్నా బాగుండేదని అతనికి ఈ నెల రోజులూ అనిపిస్తూనే ఉంది.

"ఆగండమ్మా, గొంతు తడుపుకోనివ్వండి," అని హుస్సేన్ సాహెబ్ మరచెంబు ఎత్తాడు.

ఇదే సమయం. పిలిచిన అంకెతో టికెట్టు నిండితే, తర్వాతి బిళ్ల బయటికి రాకముందే అరవాలి. ఆ తర్వాత అరిచినా చెల్లదు.

జయరావు చెవిలో హుస్సేన్ సాహెబ్ గొంతును తిరిగి పలికించి చూసుకున్నాడు. నలభై ఏడు. అచ్చం అదే గొంతు, అదే ఈడ్పు. పిలిచే ఉంటాడు. నమ్మకం కుదరక నలభై ఆరు కూడా పలికించి చూశాడు. అదీ అచ్చం అలాగే వినిపించింది. ఎనభై తొమ్మిదీ వినిపించింది. తను అడిగిన అంకెనల్లా ఆ గొంతు కాదనకుండా పిలుస్తోంది.

పోనీ గింజను చూద్దామనుకున్నాడు. అతను గింజ ఎప్పుడు పెట్టినా కొన పైకి ఉండేలా పెడతాడు. ఆఫీసు బల్ల మీద పెన్నులైనా అంతే. నలభై ఏడు మీది గింజ అడ్డంగా ఉంది. అయితే అది తను పెట్టింది కాదు. కానీ పైన ఫ్యాను తిరుగుతోంది కదా.

"ఏరా, నీకెన్ని మిగిలాయి?" అని అవతలి పక్కనుంచి ఖాజావలి మెడ చాచాడు. తూకాల షెడ్డులో పనిచేస్తాడు.

జయరావు మోచెయ్యి టికెట్టుకు అడ్డం పెట్టాడు. "ఉన్నాయిలే."

"చెయ్యి తియ్యరా, పరీక్ష పేపరా అది? ఇవాళ బండి ఉందో లేదో ముందే చెప్పు, స్టేషనుకి వస్తాం."

ఖాజావలిని అడగొచ్చు. కానీ అతన్ని అడిగితే సంతలో అడిగినట్టే.

"ఎనిమిది," అన్నాడు హుస్సేన్ సాహెబ్, మూతి తుడుచుకుంటూ. "సున్నుండ మీద సున్నుండ."

అయిపోయింది. నలభై ఏడు పిలిచి ఉంటే క్యారియరు చెయ్యి జారిపోయినట్టే. జయరావు గుండె దిగులుతో బరువెక్కాలి. ఎక్కలేదు. తేలికగా కూడా లేదు. ఇప్పుడు కొత్త ఆరాటం మొదలైంది. నలభై ఏడు పిలిచి ఉండకపోతే ఆట ఇంకా చేతిలోనే ఉంది. ఇందాకటిదాకా గింజ నిజం కావాలనుకున్నవాడు, జీవితంలో మొదటిసారిగా తాను పొరబడి ఉండాలని కోరుకున్నాడు.

మిరపకాయల కొట్ల వైపునుంచి గాలి తిరిగింది. ఇద్దరు ముగ్గురు తుమ్మారు.

"సాహెబూ, నాకొక్కటే మిగిలింది. కాస్త మంచిది తియ్యి," అంది ముందు వరుసలోనుంచి హెడ్ గుమాస్తా భార్య సుబ్బరావమ్మ.

"నాదేముందమ్మా, మంచీ చెడ్డా అంతా సంచిలోదే. డెబ్బై ఏడు, రెండు కొడవళ్లు."

"నా చేలో కోతలైపోయాయిలే, ఇంకోటి తియ్యి," అంది ఆవిడ.

రెబ్కా ఒక గింజ తీసి డెబ్బై ఏడు మీద పెట్టుకుంది. ఆమె టికెట్టు సగం కూడా నిండలేదు. బడిలో పిల్లల పేర్లు పిలిచేటప్పటిలాగే నిదానంగా, పిలిచిన ప్రతి అంకెనూ విని, వెతికి, లేకపోతే ఊరుకుంటోంది. ఆమెకు తెలుసు. ఏది పిలిచారో, ఏది పిలవలేదో ఆమెకు తప్పకుండా తెలుసు.

ఇవాళ వస్తూ కూడా, తాళం వేశానా లేదా అని అతను మసీదు మలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్లాడు. పెళ్లైన కొత్తలో ఆమె, "వేశారండీ, నేను చూశాను" అనేది. అయినా వెళ్లేవాడు. తాళాన్ని లాగి చూసి వచ్చేవాడు. ఎన్నిసార్లు అలా అన్నదో, ఎన్నిసార్లు అతను వెళ్లాడో. ఇప్పుడు ఆమె ఏమీ అనదు. మలుపులో గొడుగు తెరుచుకుని నిలబడుతుంది. తన కళ్లను తను నమ్మకపోవడం వేరు. ఆమె కళ్లను కూడా నమ్మనని అన్నేళ్లపాటు ఆమెకు నడిచి మరీ చూపించాడన్న సంగతి, ఈ బెంచీ మీద, ఈ గింజ ముందు కూర్చుంటే తప్ప అతనికి తట్టలేదు.

తల ఎత్తాడు. ఖాజావలి గింజ పెట్టుకుంటున్నాడు. ముందు వరుసలో ఎవరో నిట్టూర్చారు. హుస్సేన్ సాహెబ్ బిళ్లను బల్ల మీద పెట్టేస్తున్నాడు.

ఏదో పిలిచారు. ఇప్పుడే పిలిచారు. తను ఇక్కడ లేడు.

నలభై ఏడేనేమో. అయితే ఇంకా వ్యవధి ఉంది, తర్వాతి బిళ్ల రాలేదు. కాకపోతే? లేచి అరిస్తే, మళ్లీ రైలు కూత. అరవకపోతే, మళ్లీ ఇంటిదాకా చిక్కుడుపాదు. జయరావు ఆ గొంతును చెవిలో మరోసారి పలికించబోయాడు. అది సిద్ధంగానే ఉంది, ఏ అంకె కావాలంటే ఆ అంకె పిలవడానికి. అతను దాన్ని పిలవనివ్వలేదు.

హుస్సేన్ సాహెబ్ చెయ్యి మళ్లీ సంచి మూతి దాకా వచ్చింది.

జయరావు టికెట్టు మీదినుంచి మోచెయ్యి తీశాడు. చొక్కా చేతికి రెండు గింజలు అంటుకుని లేచాయి. వాటిని దులుపుకోలేదు. భార్య వైపు తిరిగి, ముందు వరుసలోవాళ్లు వెనక్కి చూసేంత గట్టిగానే అడిగాడు.

"రెబ్కా, ఇప్పుడేం పిలిచారు? నేను వినలేదు."