ఎడమకాలి పరీక్ష

కమలాపురం దాటి సున్నపురాయి క్వారీల వైపు పోయే దారిలో ప్రదీప్‌కుమార్ లారీల యార్డు ఉంది. ఆ పొద్దు ఆ యార్డులో, పదిమంది చూస్తుండగా, పెద్ద ఈరన్నకు పరీక్ష పెట్టారు.

పరీక్ష అంటే కాగితం, పెన్ను అనుకునేరు. డ్రైవరు లారీ ఎక్కాలి. ఇంజను ఆన్ చేసి, గేరు వేసి, ఎడమకాలితో క్లచ్ తొక్కి పట్టుకోవాలి. కింద నీడలో కుర్చీ వేసుకుని ప్రదీప్‌కుమార్ టీ తాగుతాడు. ఆయన గ్లాసు ఖాళీ అయ్యేంతవరకు ఆ కాలు లేవకూడదు. లేచిందా, లారీ ముందుకు ఎగురుతుంది, డ్రైవరు కిందికి దిగుతాడు, మళ్లీ ఎక్కడు. ఇటువంటి పరీక్ష ఏ ప్రభుత్వమూ పెట్టమనలేదు. ప్రదీప్‌కుమార్ బుర్రలో సొంతంగా పుట్టింది. ఆ బుర్రలో పుట్టింది అదొక్కటేనని యార్డులో అందరి నమ్మకం.

ఆ టీ కూడా మనుషులు తాగినట్టు తాగడు. ఊదుతాడు. ఫోను చూసుకుంటాడు. ఒక గుటక వేస్తాడు. ఎవరితోనో నవ్వుతూ మాట్లాడతాడు. టీ ఎప్పుడో చల్లారి మీగడ కట్టి ఉంటుంది, అయినా ఇంకోసారి ఊదుతాడు.

పెద్ద ఈరన్నది ఆలూరు పక్క పల్లె. ప్రదీప్‌కుమార్ తండ్రి వెంకటరమణయ్య శెట్టి మొట్టమొదటి లారీ కొన్ననాటి నుంచి ఆయనే డ్రైవరు. ఆయన ఎడమకాలి గురించి కమలాపురం నుంచి ఆదోని దాకా కథలున్నాయి. ప్యాంటు కుట్టడానికి కొలత తీసిన దర్జీ, రెండో కాలు ఎవరిదని అడిగాడట. ఒకసారి దిగుడులో బ్రేకు పడకపోతే ఆయన తలుపు తీసి ఎడమకాలు నేలకు ఆనించి లారీని ఆపాడట. రోడ్డు మీద ఆ గుంత ఇప్పటికీ ఉందట. గుంత ఉన్న మాట మాత్రం నిజం. మన రోడ్ల మీద దాన్ని కాదనడానికి ఎవరికీ ధైర్యం లేదు.

అటువంటి కాలు ఆ పొద్దు వణికింది. ముందు మోకాలు, తర్వాత తొడ, తర్వాత మనిషి మొత్తం వణికాడు. ప్రదీప్‌కుమార్ సగం గ్లాసు దగ్గర ఆగి, కళ్లు చిన్నవి చేసి, ఇంకోసారి ఊదాడు. కాలు జారింది. లారీ ఎగిరి, ముందున్న ఖాళీ డ్రమ్మును అప్పడంలా నలిపి ఆగిపోయింది.

"ముసలోడివైనావు ఈరన్నా. కాల్లో బలం లేనోనికి లారీ యాల? పోయి గొర్రెలు కాసుకో పో," అన్నాడు ప్రదీప్‌కుమార్. అప్పుడు మిగిలిన టీ ఒక్క గుటకలో తాగేశాడు.

ఈరన్నకు మోకాలు మడత పడలేదు. తోటి డ్రైవర్లు తిమ్మన్న, హనుమేష్ కలిసి ఆయన్ను చంటిబిడ్డను దించినట్టు దించారు. చుట్టూ నిలబడిన డ్రైవర్లు తలలు వంచుకున్నారు. అందరికంటే ఎక్కువ వంచుకున్నవాడు తిమ్మన్న. ఆయనా ఆలూరు వైపువాడే. ప్యాంటు లోపల ఎడమ మోకాలికి గుడ్డ చుట్టుకుని, నొప్పి ముఖంలో కనపడకుండా ఈలపాట పాడుకుంటూ బండి నడుపుతున్నాడు. తరువాతి పరీక్ష తనదేనని ఆయనకు తెలుసు. బోరు ఎండిన చేను, బడికిపోయే కూతురు శివలీల, ఆ ఒక్క మోకాలి మీద నిలబడి ఉన్నారు.

ఇంతకూ ఆ క్లచ్ పెడలు అంత గట్టిగా ఎందుకుందంటారా? పెద్ద లారీల క్లచ్‌కు బూస్టర్ అని ఒకటుంటుంది. మనిషి కాలు ఇంత తొక్కితే, మిగిలిన భారం గాలి బలంతో అది తొక్కుతుంది. దాని లోపలి రబ్బరు అరిగితే గాలి కారిపోతుంది. బుద్ధి ఉన్నవాడు బాగు చేయిస్తాడు. ప్రదీప్‌కుమార్ గాలిపైపుకు బిరడా కొట్టించాడు. గాలి కారడం ఆగింది, లారీ నడిచింది, భారమంతా డ్రైవరు కాలి మీదికి వచ్చింది. క్వారీ నుంచి సిమెంటు ఫ్యాక్టరీలో రాళ్లు నలగ్గొట్టే క్రషర్ దాకా దూరం తక్కువే. కానీ క్రషర్ ముందు లారీల వరుస చీమల బారులా ఉంటుంది. ముందు బండి మూరెడు జరిగితే వెనక బండ్లన్నీ మూరెడు జరగాలి. మూర మూరకూ క్లచ్. యార్డులో ఒకే ఒక్క కొత్త లారీకి బూస్టర్ పనిచేస్తుంది. దాన్ని ఫ్యాక్టరీ పెద్దలకు చూపించడానికి, దసరా పూజలో ముందు నిలబెట్టడానికి కడిగి ఉంచుతారు.

తప్పంతా ప్రదీప్‌కుమార్‌దే అనేస్తే కథ తొందరగా అయిపోతుంది. డ్రైవర్లేమీ తక్కువ తినలేదు. బూస్టర్ ఉన్న బండిని పెండ్లికూతురు బండి అని ఎగతాళి చేసింది వాళ్లే. ఎవరి కాలు ఎంతసేపు నిలబడుతుందని పందాలు కట్టుకుంది వాళ్లే. అందులో హనుమేష్ మొనగాడు. తన పరీక్ష అయిపోయాక, "ఇంకో టీ తెప్పించుకో సార్" అన్న మనిషి. ప్రదీప్‌కుమార్ ముచ్చటపడి వానికి పులి అని పేరుపెట్టి, మెడలో ఎర్ర టవల్ వేశాడు. వాడు ఆ టవల్ ఉతకడానికి కూడా తీసేవాడు కాదు.

యార్డు ఎదురుగా ఈరక్క టీ బంకు. మరుసటి రోజు మధ్యాహ్నం క్రషర్ ఆగిపోయి, డ్రైవర్లంతా అక్కడ చేరారు. ఈరన్న మాట వచ్చింది. ఒకరు పాపం అన్నారు. ఇంకొకరు వయసు అన్నారు. కాలు ఆగనోడు దిగాల్సిందే గదా అన్నాడు హనుమేష్, టవల్ సర్దుకుంటూ.

ఈరక్క పాలగిన్నె దించి, కొంగుతో చేయి తుడుచుకుని ఇవతలికి వచ్చింది.

"ఏమప్పా పులీ, నాకొకటి చెప్పు. మీ ఓనరు ఇంట్లో కుక్కర్‌కు రబ్బరు పోతే ఏం చేస్తారు? కొత్తది తెచ్చి ఏస్తారు. కుక్కర్ మూతకు ఎవరి కాలన్నా అడ్డం పెడ్తారా? లారీలో రబ్బరు పోతే మాత్రం మీ కాలు పెట్టినాడు. అది అరిగితే ఆలూరు నుంచి ఇంకో కాలు తెప్పిస్తాడు. రబ్బరు కన్నా చవక అయినారు గదప్పా మీరు. పైగా దానికి పందాలు."

హనుమేష్, తన కాలికేమీ కాలేదని గొణిగాడు. ఈరక్క బల్ల కిందికి వంగి ఒక ఎడమకాలి చెప్పు తీసి వాని ముందర పడేసింది.

"పొద్దున గేటు కాడ జారిపోయింది. ఒట్టి కాలుతో ముండ్లలో నడిచి వచ్చి నా బల్ల మీద కూచున్నావు. నీకు తెలిసినట్టే లేదు. అరికాలు సచ్చిపోయుండాది నాయనా నీకు."

హనుమేష్ కాలు ఎత్తి చూసుకున్నాడు. అరికాలిలో తుమ్మముల్లు విరిగి ఉంది. రక్తం ఎండి ఉంది. ఆ మొనగాడు ఎవరిదో కాలు చూసినట్టు తన కాలినే చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు తిమ్మన్న లేచి ప్యాంటు మోకాలి పైకి మడిచి గుడ్డ విప్పాడు. మోకాలు ముదిరిన గుమ్మడికాయలా ఉంది. ఇన్నాళ్లు దాచిన దాన్ని పదిమందికి చూపించడానికి ఆయన చాలా సిగ్గుపడ్డాడు. అయితే ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. పక్కవాడు కూడా ప్యాంటు మడిచాడు. వాని పక్కవాడు నడుముకు కట్టిన పట్టీ చూపించాడు. కాసేపటికి ఆ టీ బంకు ధర్మాసుపత్రిలా తయారైంది. ఒక్కొక్కడూ తానొక్కడే అనుకుని దాచుకున్న జబ్బు అందరిదీనని తేలింది. అందరి జబ్బుకూ మూలం ఒక్కటే, గాలిపైపుకు కొట్టిన బిరడా.

సాయంత్రం అందరూ కలిసి పోయి అడిగారు. బూస్టర్లు బాగు చేయించాలి. ఈరన్నను పిలవాలి. పరీక్ష మానాలి. ప్రదీప్‌కుమార్ నవ్వి, మెత్తగా కావాలంటే ఇండ్లలో పరుపుల మీద పడుకోమన్నాడు. గుంపులో తిమ్మన్న కుంటుతున్నది కనిపెట్టి, దసరా మరుసటి రోజు నీ పరీక్ష అన్నాడు.

శెట్టి ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఆయుధపూజ నాడు ముందు వరుస లారీ చక్రం కింద నిమ్మకాయ పెడతారు. దాన్ని యజమానే బండెక్కి తొక్కించాలి. వెంకటరమణయ్య శెట్టి తన చేతనైనన్ని రోజులు తొక్కించాడు. తర్వాత కొడుకు. ముందు నిలబెట్టేది కొత్త లారీ గనుక కొడుకు పని నల్లేరు మీద బండిలా సాగిపోయేది. నిమ్మకాయ నలగకపోతే ఏడాదంతా అరిష్టమని శెట్టికి గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదనే తిమ్మన్న కన్ను వేశాడు.

పూజ పొద్దున లారీలన్నీ కడిగి, బంతిపూలు కట్టి, అరటిపిలకలు నిలబెట్టి వరుస పెట్టారు. వరుస పెట్టేది డ్రైవర్లే గదా. కొత్త లారీని అన్నిటికంటే వెనక, గోడకు ఆనించి పెట్టారు. అన్నిటికంటే ముందు ఈరన్న లారీ. అందరూ తాళాలు బండికే వదిలి, దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. బంధువులొచ్చారు. ఫ్యాక్టరీ పెద్దలొచ్చారు. పట్టుపంచెలో ప్రదీప్‌కుమార్ వచ్చి, వరుస చూసి, ముఖం మాడ్చుకున్నాడు.

"రేయ్ పులీ, ఎక్కి ఈ డొక్కును పక్కకు తియ్యి," అన్నాడు.

హనుమేష్ మెడలోని ఎర్ర టవల్ తీశాడు. మడత పెట్టి లారీ బంపరు మీద పెట్టాడు.

"పులికి కాలు నొప్పంట సార్," అన్నాడు.

ఇంకొకరిని పిలిచాడు. వానికీ నొప్పే. శెట్టి గడియారం చూసుకుని, ముహూర్తం దాటిపోతోందని, ఏ బండయితేనేమి ఎక్కమని కొడుకును తొందరపెట్టాడు. బంధువులు చూస్తున్నారు. ప్రదీప్‌కుమార్ పంచె ఎగగట్టి ఎక్కాడు. తిమ్మన్న బండి ముందున్న జనాన్ని దూరం జరిపాడు. ఆయన ముందుచూపు గల మనిషి.

ప్రదీప్‌కుమార్ తిరిగే కారుకు క్లచ్ ఉండదు. ఆయన ఎడమకాలు పుట్టినప్పటి నుంచి విశ్రాంతిలోనే ఉంది. దానితో తొక్కాడు. పెడలు కదిలినట్టు కదిలి, ఇక చాలన్నట్టు ఆగిపోయింది. గేరు వేయబోతే బండి గాడిదలా అరిచింది. స్టీరింగు పట్టుకుని వేలాడి, రెండు కాళ్లూ పెట్టి తొక్కాడు. పంచె గోచీ ఊడింది. ముఖం వంకాయ రంగుకు తిరిగింది. ఎలాగో గేరు పడింది.

సరిగ్గా అప్పుడు తిమ్మన్న, పూజకు టీలు తెచ్చిన ఈరక్క చేతిలోని గ్లాసు అందుకున్నాడు. తలుపు పక్కకు వచ్చి నిలబడి, ఊదాడు.

"కాలు ఎత్తొద్దు అయ్యా. నేను టీ తాగుతాండా."

మళ్లీ ఊదాడు. ఒక్క గుటక కూడా పూర్తి కాలేదు. ప్రదీప్‌కుమార్ కాళ్లు రెండూ జారాయి. లారీ జానెడు ఎగిరి చచ్చిపోయింది. టైరు అంచున నొక్కుకున్న నిమ్మకాయ చెక్కు చెదరకుండా ఎగిరి, దొర్లుకుంటూ పోయి ఈరక్క కాళ్ల దగ్గర ఆగింది. ఈరక్క దాన్ని తీసి, కోసి, పాలు లేని టీలో పిండి పెద్ద ఈరన్నకు ఇచ్చింది. గేటు అవతల కూర్చుని ఉన్న ఆ ముసలాయన జీవితంలో అంత రుచిగల టీ తాగలేదట.

యార్డు మొత్తం నవ్వింది. ఫ్యాక్టరీ పెద్దలు కూడా రుమాళ్లు అడ్డం పెట్టుకుని నవ్వారు. బూస్టర్లు వేయించి ఈరన్నను పిలిస్తే నిమ్మకాయలన్నీ మేమే తొక్కిస్తామని తిమ్మన్న శెట్టికి చెప్పాడు. ముసలి శెట్టి ఏదో అనబోయాడు. కొడుకు బండిలో నుంచి దిగలేక, అక్కడి నుంచే పోలీసులకు ఫోను చేశాడు.

ఎస్సై వచ్చి ఫిర్యాదు రాయించుకున్నాడు. ప్రాణహాని కలిగించే ఉద్దేశంతో యజమానిని లారీలో కూర్చోబెట్టారని అందులో రాశారు. అదే సీట్లో ఈరన్న తన వయసంతా కూర్చున్నాడు. యజమాని కూర్చుంటే నేరం, డ్రైవరు కూర్చుంటే ఉద్యోగం. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి డ్రైవర్లకు పెద్ద పుస్తకాలేవీ అవసరం రాలేదు.

నాయకుడెవరని ఎస్సై అడిగాడు. నేనంటే నేనని అందరూ కదిలారు. కుంటుకుంటూ అయినా తిమ్మన్నే ముందు చేరాడు. కూతురు గుర్తుకొచ్చి వెనక్కి చూశాడు. "శివలీలను బడికి నేను తోలుకపోతాలే, పో అప్పా," అన్నది ఈరక్క. హనుమేష్ ఒక చేత్తో ఆయన్ను వ్యాను ఎక్కించి, రెండో చేత్తో ఫోనులో ఏదో పంపించాడు. రెండు కాళ్లతో పెడలు మీద వేలాడుతున్న పట్టుపంచె ఫోటో అది. వ్యాను కదలక ముందే అది క్రషర్ దారిలో డ్రైవర్ల ఫోన్లన్నీ చుట్టేసింది.

బిరడాలు కొట్టించింది ప్రదీప్‌కుమార్ ఒక్కడే కాదు. ఆ దారిలో లారీలున్న ప్రతి కాంట్రాక్టరూ కొట్టించాడు. స్టేషనుకు పోతూ వ్యాను క్రషర్ దగ్గరికి వచ్చేసరికి, మూరెడు మూరెడు జరగాల్సిన వరుస నిలబడిపోయింది. ఇంజన్లు ఆగి ఉన్నాయి. హారన్ లేదు, నినాదం లేదు. బంతిపూల దండల వెనక ప్రతి డ్రైవరూ సీట్లో వెనక్కి వాలి, ఎడమకాలు ఎత్తి, అరికాలు ముందు అద్దానికి ఆనించి కూర్చున్నాడు. ఆ కొస నుంచి ఈ కొస దాకా అరికాళ్లే. కాయలు కాచినవి, పగిలినవి, నల్లబడినవి, అన్నీ ఎస్సై ముఖానికి ఎదురుగా.

ఏమిది, ఎవరు దించమన్నా దించరా అని ఎస్సై కసిరాడు.

"దించుతారు సార్. బూస్టర్లు వచ్చినాక," అన్నాడు తిమ్మన్న.

ఎదురు సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్లున్నారు. ఆయన తన ఎడమకాలు ఎత్తి, వాళ్లిద్దరి మధ్య నింపాదిగా చాపాడు. వాళ్లలో ఒకడు కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.